స్ట్రీమరు కొంటే పాట బాగుపడుతుందా?

(మహబూలాలో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాగతాళాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. అది ఉన్నవారు ఈ సభలోనే పలువురున్నారు. బడిపంతులుకు చేతనయినది ఒక ప్రశ్న వేసి, జవాబు తేలేదాకా దానిని వదలకపోవడం. అందుచేత ఈ మధ్య మన ఇళ్ళలో తరచుగా వినవస్తున్న ఒక ప్రశ్ననే ఎంచుకొన్నాను. ఇంట్లో మంచి ఆంప్లిఫయరు, స్పీకర్లు ఉన్నవారు, వాటికి ప్రత్యేకంగా స్ట్రీమరు అనే పెట్టెను కొని తగిలిస్తే పాట ఇంకా బాగా వినబడుతుందా?

ఇది నాలుగు డబ్బులున్నవారి ముచ్చట కదా, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. నేను అలా అనుకోను. మన ఊళ్ళలో పెరిగే పిల్లవాడికి తెలుగు వీధిలో దొరుకుతుంది, సంతలో దొరుకుతుంది, బస్సులో దొరుకుతుంది. పరదేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు అది దొరికే చోట్లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు: పెద్దల నోట, వారంలో కొద్ది గంటల తరగతిలో, సినిమాలో, పాటలో. అంటే అక్షరాలు రాకముందే చెవికి పట్టుబడవలసిన భాష మన ఇళ్ళలో చాలావరకు స్పీకరు గుండానే వస్తున్నది. కలకూ కళకూ, వేలుకూ వేళకూ ఉన్న తేడా చెవికి అందకపోతే కలానికీ అందదు. ఆ స్పీకరులో నుండి ఏమి వస్తున్నది, దారిలో ఏమి పోతున్నది అన్న విచారణ తెలుగు చెప్పేవారికి కూడా అవసరమే.

పెట్టె చేసే పని

ముందు ఆ పెట్టె ఏమి చేస్తుందో చూద్దాం. ఈనాడు పాట చాలామందికి ఇంటర్నెట్టు గుండా అంకెల వరుసగా వస్తున్నది. ఆ వరుసను అందుకొని ఆంప్లిఫయరుకు అందించేది స్ట్రీమరు. ఫోను, కంప్యూటరు, టీ.వీ. కూడా ఈ పని చేస్తాయి. అయితే వాటికి వేరే పనులు సవాలక్ష. స్ట్రీమరుకు ఇదొక్కటే పని. అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. కొన్ని స్ట్రీమర్లలో డాక్ లోపలే ఉంటుంది. కొన్నింటిలో ఉండదు, దానిని విడిగా కొనుక్కోవాలి. ఈ భేదాన్ని దయచేసి గుర్తుంచుకోండి. మనవారు "స్ట్రీమరు మార్చాను, పాట మారింది" అన్నప్పుడు తరచుగా మారినది లోపలి డాక్ అయి ఉంటుంది.

ఈ యంత్రం వయస్సు పాతికేళ్ళు. అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ 2001లో స్లింప్3 అనే పెట్టెను తెచ్చింది. తర్వాత వచ్చిన స్క్వీజ్‌బాక్సు దాని సంతతే. ఆ సంస్థను 2006లో లాజిటెక్ కొన్నది. ఖరీదైన సంగీత యంత్రాలు చేసే స్కాట్లండు సంస్థ లిన్ 2007లో తన స్ట్రీమరును తెచ్చి, ఇక సి.డి. ప్లేయర్లు తయారుచేయబోమని 2009లో ప్రకటించింది. ఈనాడు సుమారు 30 దినార్ల పెట్టె నుండి కొన్ని వేల దినార్ల పెట్టె దాకా బజారులో దొరుకుతున్నాయి. 30 దినార్లదానికీ 3,000 దినార్లదానికీ మధ్య వినబడే తేడా ఎంత? అసలు చిక్కు అక్కడే ఉంది.

అంకెల ప్రయాణం

సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల అంకెగా రాస్తారు. కుడి ఎడమలు రెండూ కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. ఈ లెక్కలో సుమారు 22,000 హెర్ట్జ్ దాకా స్వరాలు ఇముడుతాయి. మనిషి చెవి మంచి యౌవనంలో వినగలిగినది 20,000 వరకు. నా వయస్సువారిలో చాలామందికి 12,000 పైన వినబడడమే కష్టం. కనుక సి.డి. లెక్కలోనే చెవికి కావలసినదంతా దాదాపుగా ఉన్నది.

ఈ అంకెలు ఇంటికి చేరే విధానం మనకు బాగా తెలిసిన వ్యవహారం వంటిదే. ఇక్కడ ఎక్స్ఛేంజిలో 100 దినార్లు కట్టి ఇంటికి పంపుతాము. ఇక్కడ కట్టిన నోట్లు అక్కడికి పోవు. పోయేది ఒక అంకె. దానికి సరిపడిన రూపాయలు అక్కడ ఇస్తారు. ఎక్స్ఛేంజి కౌంటరు చలువరాతిది అయినంత మాత్రాన అమ్మ చేతికి వచ్చే రూపాయలు పెరగవు, చెక్కది అయితే తరగవు. అంకె చేరిందా లేదా అన్నదే లెక్క. ఇంటర్నెట్టులో పాట కూడా చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ప్రతి పొట్లాన్నీ సరిచూసుకొని, దారిలో చెడినదాన్నీ తప్పిపోయినదాన్నీ యంత్రం మళ్ళీ తెప్పించుకొంటుంది. తర్వాతనే పాటను వినిపిస్తుంది. అందుచేత ఫోను అందుకొన్న అంకెలు, 3,000 దినార్ల స్ట్రీమరు అందుకొన్న అంకెలు, పాట ఒకటే అయితే, ఒకటే. ఒకదానిలో గాత్రం తియ్యబడి, ఇంకొకదానిలో బొంగురుపోవడానికి అంకెల దశలో తావు లేదు.

అయితే పంపేటప్పుడే అంకెలను తగ్గించి పంపితే ఆ మాట వేరు. దీనికి సెలవులకు ఊరికి పోయేటప్పుడు సామాను సర్దడం మంచి ఉపమానం. ఫ్లాక్ వంటి పద్ధతులు బట్టలను గట్టిగా మడిచి పెట్టెలో ఇమిడ్చినట్లు. విప్పితే ఒక్క చొక్కా కూడా తగ్గదు. ఎం.పి.3 వంటివి, తూకం ఎక్కువైందని కొన్ని బట్టలు ఇక్కడే వదిలి వెళ్ళినట్లు. వదిలినవి చెవి పట్టించుకోనివి అయితే బాధ లేదు. సెకనుకు 3,20,000 బిట్ల ఎం.పి.3కీ సి.డి.కీ తేడా చెప్పడం చాలామందికి దుస్సాధ్యం. తూకం మరీ తగ్గిస్తే మాత్రం స, శ వంటి ఊష్మాలు గరగరలాడతాయి, తాళాల మోత నీళ్ళలో మునిగినట్లు అవుతుంది.

బ్లూటూత్ సంగతి కూడా ఇదే. సర్వసాధారణమైన ఎస్.బి.సి. పద్ధతి మంచి స్థాయిలోనే సెకనుకు సుమారు 3,28,000 బిట్లు. అంటే సి.డి. అంకెలలో నాలుగో వంతు కూడా కాదు. అప్పటికే ఒకసారి తగ్గించిన పాటను ఫోను మరొకసారి తగ్గించి పంపుతుంది. ఆపిల్ సంస్థ 2021లో తన పాటలను నష్టం లేని రూపంలో ఇవ్వసాగింది. స్పాటిఫై 2025 సెప్టెంబరు నుండి కొన్ని కొన్ని దేశాలలో అటువంటి సదుపాయమే మొదలుపెట్టింది. బ్లూటూత్ మీద ఆ నష్టంలేనితనం నిలవదని ఆపిల్ తానే చెబుతున్నది. నెలనెలా చందా కట్టి తెప్పించిన నిండు పెట్టెను గడప దగ్గర ఖాళీ చేసుకోవడం ఎందుకు? ఈ చోట స్ట్రీమరు నిజంగా పనికివస్తుంది. అది పాటను తానే నేరుగా తెప్పించుకొని తీగ గుండా ఆంప్లిఫయరుకు ఇస్తుంది. ఈ పనికి అన్నిటికంటె చవకది కూడా చాలును.

నిజమైన దోషాలు, వర్ణించిన దోషాలు

స్ట్రీమర్లు అమ్మేవారు రెండు దోషాల పేర్లు ఎక్కువగా చెబుతారు. మొదటిది జిట్టరు, అంటే అంకెలు డాక్‌లో మారే క్షణాలు లయ తప్పడం. దోషం ఉన్న మాట వాస్తవమే. కాని ఆ తప్పు సెకనులో వంద కోట్లవ వంతు లెక్కన కొలిచేటంత చిన్నది. ఈనాటి డాక్‌లు, ముఖ్యంగా యు.ఎస్.బి. గుండా పనిచేసేవాటిలో అనేకం, తమ గడియారంతోనే లయ పట్టుకొంటాయి. పంపే పెట్టె తాళం తప్పినా వాయించేవాడు తప్పడు. ఓ మోస్తరు డాక్‌లో కూడా ఇది వినబడే స్థాయికి రాదు.

రెండవది విద్యుత్తు రొద. దీనిని మాత్రం తేలికగా కొట్టివేయకూడదు. కంప్యూటరును ఆంప్లిఫయరుకు తగిలించినప్పుడు బుయ్యిమనే శబ్దం మీలో కొందరు వినే ఉంటారు. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. కంప్యూటరు ఒక ప్లగ్గులో, ఆంప్లిఫయరు ఇంకొక ప్లగ్గులో ఉండి, ఎర్తు తీగల మధ్య వలయం ఏర్పడితే ఆ 50, 100 హెర్ట్జ్ పాటలోకి జొరబడతాయి. మౌసు కదిలిస్తే కిచకిచలాడడం ఇంకొక రకం. వీటికి స్ట్రీమరు ఒక మందు. కాంతి గుండా అంకెలను పంపే ఆప్టికల్ తీగ ఇంకొక మందు. రాగి తీగ మధ్యలో లేదు కనుక రొదకు దారి ఉండదు. చాలా డాక్‌లకూ టీ.వీ.లకూ దానికి తగిన రంధ్రం ఉంటుంది. తీగ ఖరీదు ఒకటి రెండు దినార్లకు మించదు. ఒక్కటే నియమం: రొద చెవికి వినబడాలి. పాట ఆపి, వాల్యూము పెంచి, స్పీకరు దగ్గర చెవి పెట్టండి. ఏమీ వినబడకపోతే ఆ జబ్బు మీ ఇంట్లో లేదు, మందు కొననక్కరలేదు.

మూడో మాట కూడా ఒకటున్నది, హై-రెస్ అని. సి.డి. కంటె ఎక్కువ అంకెలతో చేసిన పాటలు. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు తమ పరీక్షల ఫలితం ప్రకటించారు. ఎక్కువ అంకెల పాటను ఒకసారి నేరుగా, ఒకసారి సి.డి. స్థాయికి తగ్గించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో 276 సార్లు సరిగా చెప్పారు. రూపాయి బిళ్ళ ఎగరవేసినా అంతే వస్తుంది. 2016లో అదే పత్రికలో జాషువా రీస్ అనే ఆచార్యుడు 18 పరిశోధనలలోని 12,000కు పైబడిన పరీక్షలను కలిపి లెక్కవేస్తే 52.3 శాతం వచ్చింది. బొత్తిగా సున్న కాదు, కాని నూటికి రెండు పైచిలుకు. నేను ఉభయ పక్షాలూ చెప్పాను. ఆ రెంటి కోసం ఎంత ఖర్చు పెట్టాలో ఎవరి జేబు వారు చూసుకోవాలి.

మహబూలా గది

ఇప్పుడు యంత్రాన్ని వదలి గదిలోకి వద్దాం. సముద్రం పక్కన ఈ మహబూలాలో మనం ఉండేవి ఆకాశానికి లేచిన ఫ్లాట్లు. నేల నున్నటి పలకలు, గోడలు బోసి, కిటికీలు పెద్ద అద్దాలు. కువైట్‌లోని మిత్రిబా వద్ద 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి దేశంలో ఏ.సి. ఆపి పాట వినే ధైర్యం ఎవరికున్నది? ఏ.సి. నడుస్తున్న గదిలో పాట లేకుండానే 40 డెసిబెల్ వరకు శబ్దం ఉండడం మామూలే. ఇరుగుపొరుగువారికి ఇబ్బంది లేకుండా మనం పాట వినేది సుమారు 70 దగ్గర. అంటే పాటలోని మెల్లని శబ్దాలకు మిగిలిన చోటు 30 డెసిబెల్ మాత్రమే. 16 బిట్ల సి.డి.కి ఉన్న చోటు 96. గదిలోని ఏ.సి. 30 దగ్గరే గీత గీస్తుంటే, 110 ఇచ్చే పెట్టెకూ 120 ఇచ్చే పెట్టెకూ ఉన్న తారతమ్యం ఆ గీత కిందనే ఉండిపోతుంది. ఏ.సి. జల్లెడలు కడిగించి దాని రొద కాస్త తగ్గిస్తే, మెల్లని ఆలాపన వినడానికి ఏ స్ట్రీమరూ ఇవ్వని చోటు దొరుకుతుంది.

ప్రతిధ్వని ఇంకొకటి. గది మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగుమని మారుమోగితే, అదే మారుమోత పాటలోని ప్రతి హల్లు మీదా పడుతున్నదని అర్థం. స అనే అక్షరంలోని ఊపిరి ఎక్కువగా 4,000 హెర్ట్జ్ నుండి 8,000 దాకా, ఆ పైన కూడా, ఉంటుంది. పాత టెలిఫోనులో 300 నుండి 3,400 వరకే పోయేది, అందుకే ఫోనులో పేర్లు చెప్పడానికి అంత అవస్థ పడేవారము. ఈనాడు మన పిల్లలు పాట వినే ఫోను స్పీకరులో కింది స్వరాలు దాదాపు శూన్యం. మృదంగం తట్టుడు మాత్రం వినబడుతుంది, నాదం వినబడదు. పెద్ద స్పీకర్లున్న ఇంట్లోనో, వాటిని గాజు బీరువాలో బొమ్మల పక్కన ఇరికించి, ఒకటి నేల మీద, ఒకటి ఫ్రిజ్జు మీద పెట్టి ఉంటారు.

చేయవలసినది కష్టం కాదు. రెండు స్పీకర్లను ఒకే ఎత్తున, కూర్చున్నవారి చెవికి సమంగా, ఒకదానికొకటి రెండు మీటర్ల దూరంలో పెట్టండి. వినేవారు కూడా వాటికి సుమారు అంతే దూరంలో కూర్చోవాలి. వెనుక గోడకు అంటించకండి. నేలమీద దళసరి తివాసీ, అద్దాలకు బరువైన పరదాలు, ఒక గోడకు పుస్తకాల అర. ఇన్నిటికీ కలిపి మంచి స్ట్రీమరు ఖరీదులో సగం కాదు. పరదాలు తెరిచినప్పుడూ మూసినప్పుడూ ఒకే పాట పెట్టి వినండి. ఆ తేడా చెప్పడానికి చెవి శిక్షణ ఏదీ అక్కరలేదు.

మూలం బాగుండాలి

గదికి ముందు ఇంకొక మెట్టు ఉన్నది. అది మూలప్రతి. మనవారు ఎక్కువగా వినేది ఏమిటి? ఘంటసాల, లీల, సుశీల, బాలసరస్వతి, బాలమురళీకృష్ణ. 1957 నాటి మాయాబజార్ పాటలు ఒకే మైకుధార మీద, మోనోలో వచ్చినవి. నాటి సినిమా ఫిల్ములోని శబ్దపథం ఎగువ స్వరాలను ఎక్కువగా మోయలేదు. ఆ పాటలో లేని 20,000 హెర్ట్జ్‌ను ఈనాటి పెట్టె ఎక్కడి నుండి తెస్తుంది? అయినా ఆ రికార్డులు తక్కువవి కావు. మాట ఒక్కటి కూడా పోకుండా పాడే గాయకులు, వారికి అడ్డురాని వాద్యాలు. గొంతు స్పష్టంగా పలికే స్పీకరు దొరికితే అవి మన ఎదుటనే పాడినట్లుంటాయి.

చెడిపోతున్నది మధ్యదారిలో. ఒకే పాట నాలుగు రూపాలలో దొరుకుతుంది: మంచి టేపు నుండి తీసినది, గీతలు పడ్డ రికార్డు నుండి తీసినది, టీ.వీ.లో వచ్చినదాన్ని ఎవరో పట్టి యూట్యూబులో పెట్టినది, పాత మోనో పాటకు కొత్త డప్పులూ ప్రతిధ్వనీ తగిలించి స్టీరియో అని పేరు పెట్టినది. యూట్యూబు ఎలాగూ కుదించిన ధ్వనినే పంపుతుంది. ఈ నాలుగింటి మధ్య ఉన్న తేడా, మంచి చెడ్డ స్ట్రీమర్ల మధ్య తేడాకు ఎన్నో రెట్లు. ఒక అరగంట కూర్చుని, మీకు ప్రియమైన పది పాటలకు ఏ ప్రతి బాగున్నదో వెతికి, జాబితాగా దాచుకోండి. దానికి కానీ ఖర్చు లేదు.

మరొక ఖర్చు లేని పని: మీ పాటల యాప్‌లో నాణ్యత దగ్గర ఆటోమేటిక్ అని ఉన్నదేమో చూడండి. అలా ఉంటే, నెట్టు మందగించినప్పుడు అది చెప్పకుండానే తూకం తగ్గిస్తుంది. మన మేడలలో ప్రతి ఫ్లాటుకూ ఒక వై-ఫై. అన్నీ ఒకదానినొకటి తోసుకొంటుంటాయి. సాయంత్రం వేళ పాట ఆగి ఆగి వస్తున్నదంటే కారణం తరచుగా ఇదే. అక్కడ రౌటరు నుండి తీగతో వచ్చే స్ట్రీమరు మేలుచేస్తుంది. నాణ్యతను పై స్థాయిలో బిగించి, తీగతో తెప్పించుకొంటే పాట నిలకడగా ఉంటుంది.

"నేను చెవులారా విన్నాను"

ఇంతా చెప్పిన తర్వాత ఒకరు లేచి, "మాస్టారూ, అవన్నీ లెక్కలు. నేను కొత్త పెట్టె తగిలించి చెవులారా విన్నాను. తెర తొలగినట్లు ఉంది" అంటారు. ఆ అనుభవం అబద్ధం అనను. కాని చెవి ఒంటరిగా వినదు. దానితోపాటు కన్ను, జేబు, ఆశ కూడా వింటాయి. ఒక పెట్టె రెండవదానికంటె అర డెసిబెల్ ఎక్కువ ఇస్తే, అది గట్టిగా ఉన్నదని మనకు తోచదు, స్పష్టంగా ఉన్నదని తోచుతుంది. దుకాణాలలో చాలా మాయ ఈ అర డెసిబెల్‌లోనే ఉన్నది.

దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉన్నది. పాత పద్ధతి, కొత్త పెట్టె, రెండూ ఒకే డాక్‌కు, ఒకే ఆంప్లిఫయరుకు తగిలించండి. డెసిబెల్ చూపే యాప్ ఫోనులో ఉంటుంది. ఒకే పాటలో ఒకే చోట రెండూ సమానంగా ఉండేటట్లు వాల్యూము సరిచేయండి. మనవడినో మనవరాలినో మీ వెనుక కూర్చోబెట్టి, బొమ్మా బొరుసూ వేసి, వచ్చినదాని ప్రకారం పదిసార్లు మార్చమనండి. మీరు కళ్ళు మూసుకొని ఏదో చెప్పండి. వారు కాగితం మీద రాస్తారు. పదింట తొమ్మిది, పది సరిగా చెప్పగలిగితే మీకు తేడా తెలిసినట్లే. ఊరికే ఊహించి చెప్పేవారికి ఆ ఫలితం 1,024 అవకాశాలలో 11 మాత్రమే. ఆరు, ఏడు వస్తే అది అదృష్టం. పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది. తాతగారి మాటను అంకెలతో సరిచూసే అవకాశం వారికి తరచు రాదు కదా.

తెలుగు ఇంటికి ఇంకొక పరీక్ష కూడా చెబుతాను. అది డిక్టేషను. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన గానం చేసిన భగవద్గీత రికార్డు ఆ తర్వాతనే వెలువడింది. అందులో శ్లోకాల నడుమ తెలుగు తాత్పర్యం ఉన్నది. ఆ తాత్పర్యంలో ఐదారు వాక్యాలు ఫోను స్పీకరులో వినిపించి పిల్లల చేత రాయించండి. మరునాడు వేరే ఐదారు వాక్యాలు పెద్ద స్పీకర్లలో, పరదాలు మూసి, వినిపించి రాయించండి. శ, ష, స, ల, ళ, న, ణ, ఒత్తు ఉన్నది, లేనిది. ఎక్కడెక్కడ పొరబడ్డారో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి పోల్చండి. ఏ ఏర్పాటు వల్ల పొరపాట్లు తగ్గుతాయో ఆ ఏర్పాటు మన ఇంటికి మంచిది. హై-ఫై పత్రికలు ఈ కొలతను వాడవు. మనం వాడవచ్చు.

ఎవరు కొనవచ్చు, ఎవరికి అక్కరలేదు

ఇంటింటికీ జవాబు వేరుగా ఉంటుంది కనుక విడదీసి చెబుతాను. బ్లూటూత్ మీదనే పెద్ద సెట్టు నడుపుతున్నవారు చిన్న స్ట్రీమరు కొనవచ్చు. బాగుపడే అవకాశం ఉన్నది, ఖర్చు స్వల్పం. కంప్యూటరు రొదతో బాధపడేవారు ముందు ఆప్టికల్ తీగ ప్రయత్నించి, తగ్గకపోతే కొనవచ్చు. సి.డి. ప్లేయరు, లేక కంప్యూటరుకు తగిలించిన మంచి డాక్ నిశ్శబ్దంగా పనిచేస్తున్న ఇంట్లో స్ట్రీమరు వల్ల ధ్వని పెరగదు. అక్కడ ఖర్చు పెట్టదలచినవారు స్పీకర్లకు పెట్టండి.

ఇక ధ్వనితో సంబంధం లేని లాభాలు కొన్ని ఉన్నాయి. పాట ఫోనులో ఉంటే, ఫోను మోగినప్పుడు పాట ఆగుతుంది. ఫోనుగలవారు డ్యూటీకి పోతే పాట కూడా డ్యూటీకి పోతుంది. ఇంట్లో మిగిలిన అమ్మమ్మకు పాట లేదు. మీట నొక్కగానే పలికే పెట్టె ఉంటే ఆమెకు ఒకరి దయాదాక్షిణ్యాలు అక్కరలేదు. సారెగమ సంస్థ 2017లో పాటలు ముందే నింపిన కారవాన్ అనే రేడియో వంటి పెట్టెను తెచ్చినప్పుడు, పెద్దవయస్సువారు దానిని ఆదరించినది ధ్వని నాణ్యత చూసి కాదు, మీటలు చూసి. అటువంటి సౌకర్యం కోసం స్ట్రీమరు కొంటే అది మంచి కొనుగోలే. ధ్వని కోసం కొన్నామని మాత్రం అనుకోనక్కరలేదు.

కొనేవారికి ఒక హెచ్చరిక. గ్రామఫోను పెట్టెకు కీ ఇస్తే నూరేళ్ళయినా పలుకుతుంది. స్ట్రీమరు ప్రాణం సాఫ్ట్‌వేరులో ఉన్నది. ఇందాక చెప్పిన స్క్వీజ్‌బాక్సుల తయారీ 2012లో ఆగింది. వాటికి ఆధారమైన ఆన్‌లైను సేవ 2024లో మూతబడింది. ఔత్సాహికులు ఉచితంగా నడుపుతున్న సాఫ్ట్‌వేరు ఉన్నది కాబట్టి ఆ పెట్టెలు ఇంకా పలుకుతున్నాయి. గూగుల్ సంస్థ 2015లో తెచ్చిన చవకరకం క్రోమ్‌కాస్ట్ ఆడియోను 2019లో మానివేసింది. అందుచేత, ఒక్క కంపెనీ సేవతోనే బతికే పెట్టె కంటె, ఇంట్లోని డిస్కులో ఉన్న పాటలను కూడా పలికించే పెట్టె మేలు.

ఇంట్లోని పాటలు అన్నాను కనుక చివరిగా ఒక్క విన్నపం. కాసెట్టు 1963లో ఫిలిప్స్ తెచ్చినది. గల్ఫు నుండి టూ-ఇన్-వన్ మోసుకొనిపోయిన రోజులలో, ఉత్తరం రాయలేనివారు కాసెట్టు మీద మాట్లాడి పంపేవారు. అక్కడి నుండి తల్లులు బదులు మాట్లాడి పంపేవారు. అటువంటి కాసెట్లు మన ఇళ్ళలో అటకల మీద, సూట్‌కేసుల అడుగున ఇంకా ఉన్నాయి. నాయనమ్మ పాడిన మేలుకొలుపు, తాత చదివిన పద్యం, పెళ్ళిలో పేరంటాళ్ళు పాడిన అప్పగింతల పాట. ఇవి ఏ కంపెనీ జాబితాలోనూ లేవు. ఏ చందాకూ రావు. ఎండకూ చెమ్మకూ టేపు మీది పూత రాలిపోతున్నది. టేపు డెక్కు ఒకటి అరువు తెచ్చుకొని, దాని తలను స్పిరిట్టుతో తుడిచి, కంప్యూటరులోకి 24 బిట్లలో ఎక్కించి, నష్టం లేని రూపంలో రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఏ కాసెట్టులో ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తెలుగులో రాసి ఉంచండి. గొంతు గుర్తుపట్టగలవారు ఉండగానే ఆ పని కావాలి.

స్ట్రీమరు కోసం కొంత సొమ్ము తీసి పెట్టుకొన్నవారు నా మాట మన్నిస్తే, ముందు ఈ పనికి కొంత, తివాసీకీ పరదాలకూ కొంత, స్పీకర్లకు ఎక్కువ భాగం ఖర్చుపెట్టండి. ఇంకా మిగిలితే చిన్న స్ట్రీమరు కొని, ఆ డిస్కును దానికి తగిలించండి. అప్పుడు మీ మనవలు మీట నొక్కితే, వారు ఎన్నడూ చూడని ముత్తవ్వ అచ్చమైన గోదావరి యాసలోనో, కడప యాసలోనో పలుకుతుంది.